శ్రీకాకుళంలో క్రావడి ఎవరు మోయాలి?

మా మావయ్య శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్ల కిందట సంక్రాంతికి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు, నేను పనిచేస్తున్న మ్యాప్ వ్యూయర్‌ని ఫోన్‌లో తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఊళ్ల పేర్లన్నీ తెలుగులో కనిపిస్తాయని గొప్పగా చెప్పాను కూడా. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశారు. "ఏట్రా ఇది? శ్రీకాకుళానికి క్రావడి ఏదిరా?" అన్నారు. క్రావడి అంటే ర వత్తు.

తెర మీద ముందు శ ఉంది. దాని పక్కన గాల్లో వేలాడుతూ ఒక పొల్లు. తర్వాత నిండు ర. ఆ ర నుంచి విడిపోయి పక్కకు జరిగిపోయిన గుడి దీర్ఘం. కు అనే అక్షరంలో కొమ్ము క మీదికి ఎక్కేసింది. మ్యాప్‌ని హైదరాబాద్ వైపు జరిపితే అక్కడా అంతే. హై అన్న అక్షరంలో పైన ఉండాల్సిన ముక్క, కింద ఉండాల్సిన ముక్క రెండూ ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మావయ్య కోప్పడలేదు. "ఇంత పని చేసినవాడివి, పేరు సరిగా రాయడం మర్చిపోయావేంటిరా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఎందుకంటే నేను మర్చిపోలేదు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం ఫలితం. ఆ వ్యూయర్‌ని మేం ఐదుగురం ఖాళీ సమయాల్లో నడుపుతాం. అందులో ఇద్దరం తెలుగువాళ్లం, మిగతా ముగ్గురూ వేరే దేశాలవాళ్లు. మొదటి రోజునుంచి మాకు ఒకే ఒక్క నియమం ఉండేది: బయటి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, ఏదీ వాడకూడదు. ప్రాజెక్ట్ పరిచయంలో మొదటి వాక్యం అదే. రాసింది నేనే. తెలుగు సరిగా కనిపించాలంటే అక్షరాలను కూర్చే ఒక పెద్ద లైబ్రరీ కావాలి. అది మా నియమానికి ఒప్పదు. కాబట్టి ఆ ఇష్యూని "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టాం. ఆ తర్వాత అనేది రెండేళ్లయినా రాలేదు.

బయటి లైబ్రరీలను తూచే పద్ధతి గురించి నా అభిప్రాయం ఆ సంక్రాంతి తర్వాత మారింది. ఎలా మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ నియమం వెనక ఉన్న భయాలకు న్యాయం చెయ్యాలి, ఎందుకంటే అవి ఉత్త భయాలు కావు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల కోడ్‌ని దాని రచయిత జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాని మీద పరోక్షంగా ఆధారపడ్డ వేల ప్రాజెక్టుల బిల్డ్‌లు (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా కూర్చే పని) ఆగిపోయాయి. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే ఆ కోడ్ చేసే పని. ఆ మరుసటి ఏడాదికి ఆ సౌకర్యం జావాస్క్రిప్ట్ భాషలోకే వచ్చేసింది.

మ్యాప్‌ల ప్రపంచంలో మాకు ఇంకా దగ్గరగా తగిలిన దెబ్బ 2020 డిసెంబర్‌ది. మ్యాప్‌బాక్స్ సంస్థ బ్రౌజర్‌లో మ్యాప్ గీసే తన జీఎల్ జేఎస్ లైబ్రరీ రెండో వెర్షన్‌ని ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి బయటికి తీసుకెళ్లింది. అప్పటిదాకా దాని మీద కట్టుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో ఆలోచనలో పడ్డారు. పాత వెర్షన్ ఎవరైనా వాడుకుని మార్చుకోగల బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉంది కాబట్టి, దాన్ని ఫోర్క్ చేస్తే (కాపీ తీసుకుని వేరుగా నడిపిస్తే) మ్యాప్‌లిబ్రే పుట్టింది. ఆ లైసెన్స్ లేకపోతే ఆ దారి కూడా ఉండేది కాదు.

ఇక ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సంగతి. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, తన మెషీన్‌లో దూరంనుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటుగా పెట్టిన తలుపు బయటపడింది. ఆ పని చేసిన మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపుతూ, అలసిపోయిన ఏకైక మెయింటెయినర్ (ఆ కోడ్‌ని చూసుకునే మనిషి) నమ్మకం సంపాదించుకున్నాడు. లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే ఆ లైబ్రరీ, జియోటిఫ్ అనే మ్యాప్ చిత్రాల ఫైళ్లు చదివే లిబ్‌టిఫ్ ద్వారా మా మ్యాప్ పనిముట్లలోకీ వస్తుంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము నేరుగా వాడకపోయినా, మా డేటా తయారుచేసే సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో చూసేదాకా టెన్షనే.

ఇవన్నీ నిజమే. కానీ ఈ మూడు కథల్లో కూడా అసలు ప్రశ్న "లైబ్రరీ వాడారా లేదా" అన్నది కాదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. లెఫ్ట్‌ప్యాడ్‌లో ఉన్నది ఎవరైనా ఐదు నిమిషాల్లో రాసుకోగలిగిన పని. ఎక్స్‌జెడ్‌లో ఉన్నది ఎవరూ తేలిగ్గా రాసుకోలేని పని, కానీ దాన్ని ఒక్క మనిషి భుజాల మీద వదిలేశారు. రెండిటికీ మందు ఒకటే ఎలా అవుతుంది? మేం మాత్రం రెండిటికీ "వద్దు" అనే ఒకే మందు వేశాం.

మాకు ఆదర్శం లీఫ్‌లెట్. కీవ్‌కు చెందిన వొలొదిమిర్ అగాఫోన్కిన్ 2011లో విడుదల చేసిన ఆ లైబ్రరీ బయటి డిపెండెన్సీ (ఆధారపడాల్సిన లైబ్రరీ) ఒక్కటి కూడా లేకుండా, దాదాపు 42 కిలోబైట్లలో మ్యాప్‌ని చూపిస్తుంది. ఇప్పటికీ నాకు దాని కోడ్ చదవడం ఇష్టం. కానీ మావయ్య ఊరినుంచి తిరిగొచ్చాక మొదటిసారి నన్ను నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను: లీఫ్‌లెట్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్స్ (మ్యాప్‌ని చతురస్రాలుగా కోసిన బొమ్మలు) పెడితే తెలుగు పేరున్న చోట అక్షరాలు చక్కగా ఎందుకు వస్తాయి?

లీఫ్‌లెట్ అక్షరాలు గీయదు. అది బొమ్మలను పక్కపక్కన పేరుస్తుంది. ఆ బొమ్మల్లోకి శ్రీకాకుళం అని రాసేది దూరంగా సర్వర్‌లో ఉన్న మ్యాప్నిక్ అనే ప్రోగ్రామ్. మ్యాప్నిక్ 2015లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలు కూరుస్తుంది, దానికి తోడు ప్రపంచ లిపుల నియమాలు చూసే ఐసీయూ అనే ఇంకో పెద్ద లైబ్రరీ, ఫాంట్లు చదవడానికి ఫ్రీటైప్. అంటే లీఫ్‌లెట్ తేలిగ్గా ఉండటానికి కారణం ఆ బరువుని వేరేవాళ్లు మోస్తుండటమే. ఇందులో తప్పేమీ లేదు. నేను చేసిన తప్పు ఏమిటంటే, ఆ తేలికదనాన్ని చూసి మోతే లేదనుకోవడం.

మాది వెక్టర్ మ్యాప్. బొమ్మలు రావు. ఊరి పేరు అక్షరాల రూపంలో వస్తుంది, దాన్ని ఫోన్‌లోనే మేం గీయాలి. సర్వర్ నుంచి బరువు ఫోన్‌లోకి వచ్చింది, మేం దాన్ని అందుకోలేదు. కింద పడింది. మావయ్య చూసింది అదే.

ఇక్కడ కొంచెం లోతుకి వెళ్తాను, ఎందుకంటే తూకం అంతా ఇక్కడే ఉంది. మ్యాప్‌బాక్స్ జీఎల్ రోజులనుంచి వెక్టర్ మ్యాప్‌లలో ఒక పద్ధతి స్థిరపడింది. ఫాంట్‌ని 256 కోడ్‌పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబర్ల) చొప్పున ముక్కలు చేసి సర్వర్‌లో పెడతారు. యూనికోడ్‌లో తెలుగు 3072వ స్థానంలో మొదలవుతుంది కాబట్టి, తెలుగు, దాని పక్కనే ఉన్న కన్నడ కలిసి 3072 నుంచి 3327 వరకూ ఉండే ఒకే ఫైల్‌లో వస్తాయి. మ్యాప్‌కి ఏ కోడ్‌పాయింట్ కావాలంటే దాని బొమ్మ అందులోనుంచి తీసి వరసగా పేరుస్తారు. ఇంగ్లిష్‌కి, రష్యన్‌కి ఇది చక్కగా సరిపోతుంది. చైనీస్‌కీ సరిపోతుంది, ఫైళ్లు పెద్దవవుతాయంతే.

తెలుగుకి సరిపోదు. శ్రీకాకుళం అనే పేరులో కోడ్‌పాయింట్లు పది. మన కంటికి కనిపించే అక్షరాలు నాలుగు. పదినుంచి నాలుగుకి రావడం ఎలాగో ఫాంట్ లోపల పట్టికల్లో రాసి ఉంటుంది: శ తర్వాత పొల్లు, ర వస్తే ఆ ర క్రావడిగా మారాలి, గుడి దీర్ఘం వెళ్లి శ తలమీద అతకాలి, క కి దీర్ఘం వస్తే ఆ రెండూ కలిసి ఒకే బొమ్మ కావాలి. ఆ పట్టికలు చదివి అమలు చేసేదే హార్ఫ్‌బజ్. 256 చొప్పున కోసే పద్ధతిలో ఆ పట్టికలకు చోటే లేదు. క్రావడి ఒక కోడ్‌పాయింట్ కాదు కాబట్టి, దానికి ఆ ఫైల్‌లో బొమ్మే ఉండదు. ఫాంట్ తయారుచేసిన మనిషి నెలల తరబడి కూర్చుని గీసిన వత్తులన్నీ మేం సర్వర్‌లో పెట్టేముందే రాలిపోయాయి.

ఊరినుంచి వచ్చిన వారానికి నేను నియమం తప్పకుండానే దీన్ని పరిష్కరించాలని సొంతంగా అక్షరాలు కూర్చే కోడ్ రాయడం మొదలుపెట్టాను. తెలుగు నా మాతృభాష, గుణింతం నాకు రాదా అనే ధీమా. రెండు వారాల్లో అనకాపల్లి, విశాఖపట్నం, కర్నూలు సరిగా వచ్చాయి. చాలా సంతోషపడ్డాను. తర్వాత రాష్ట్రం అనే మాట పెట్టాను. ష కింద ట వత్తు, దానికి మళ్లీ క్రావడి. నా కోడ్ ఒక్క వత్తు దగ్గరే ఆగిపోయింది. దాన్ని సరిచేస్తే సికింద్రాబాద్‌లో అన్నప్పుడు ద్ కింద ల వత్తు వచ్చి చేరింది, ఎందుకంటే అక్కడ పొల్లు నిలిపి ఉంచమని చెప్పే కంటికి కనపడని గుర్తుని నేను పట్టించుకోలేదు. పు లో కొమ్ము ఒకచోట అతుకుతుంది, కు లో వేరేచోట. ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడగొట్టి, ఒకటి పైన, ఒకటి కింద పెట్టాలి. ఒక్కో ఫాంట్‌లో ఈ ముక్కల కొలతలు వేరు. లోహిత్ తెలుగుకి సరిపెట్టింది నోటో సాన్స్ తెలుగులో చెదిరిపోతుంది. పాత ఫాంట్లలో తెలుగు నియమాలకు ఒక గుర్తు, కొత్త ఫాంట్లలో ఇంకో గుర్తు.

రెండు నెలలయ్యాక నా కోడ్ 1,400 వరుసలైంది, దాన్ని అర్థం చేసుకోగలిగినవాణ్ని నేనొక్కణ్నే. మా తోటి మెయింటెయినర్ ఒకరు చాలా మర్యాదగా ఒక ప్రశ్న అడిగారు: "నువ్వు రేపు ఈ ప్రాజెక్ట్ వదిలేస్తే దీన్ని ఎవరు చూస్తారు?" నా దగ్గర జవాబు లేదు. బయటి లైబ్రరీ అంటే ఎవరో తెలియని ఒక్క మనిషి మీద ఆధారపడటమని భయపడ్డ నేను, మా ప్రాజెక్ట్‌ని అంతకంటే బలహీనమైన ఒక్క మనిషి మీద ఆధారపడేలా చేశాను. ఆ మనిషి నేను. డిపెండెన్సీ జాబితాలో కనిపించదు కాబట్టి అది డిపెండెన్సీ కాదని అనుకున్నాం.

మధ్యలో ఇంకో దారి కూడా చూశాం, అది చెప్పకపోతే ఈ పని తెలిసినవాళ్లు తప్పకుండా అడుగుతారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపల హార్ఫ్‌బజ్ ఇప్పటికే ఉంది. బ్రౌజర్‌కే శ్రీకాకుళం అని ఇచ్చి, ఒక బొమ్మగా గీయించుకుని దాన్ని మ్యాప్ మీద అంటించొచ్చు కదా? చేశాం. వంపు తిరగని పేర్లకు బాగానే వచ్చింది. ఆ వారం నాకు పండగే. కానీ బ్రౌజర్ బొమ్మనిస్తుంది గాని ఏ ముక్క ఎక్కడ ఉందో చెప్పదు. నది వెంట వంపు తిరిగే పేరుని అక్షరం అక్షరంగా తిప్పాలంటే, అక్షరం ఎక్కడ తెగుతుందో తెలియాలి. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేవరకూ, అక్షరాలను విడగొట్టే దాని నియమాలు శ్రీ లాంటి సంయుక్తాక్షరాన్ని మధ్యలో పొల్లు దగ్గర రెండుగా కోసేవి. పాత ఫోన్లలో ఇప్పటికీ అంతే. పైగా ఫోన్‌కొక ఫాంట్. ఇంకో ఇబ్బంది, మా వ్యూయర్‌తోనే పంచాయతీ ఆఫీసు గోడకి తగిలించే పెద్ద మ్యాప్‌లు సర్వర్‌లో ప్రింట్ కోసం తయారుచేస్తాం. అక్కడ బ్రౌజర్ లేదు.

మూడో దారి ఒకటుంది: ముందుగానే హార్ఫ్‌బజ్‌తో అక్షరాలన్నీ కూర్చేసి, ఒక్కో ముక్కకీ యూనికోడ్‌లో ప్రైవేట్ వాడకానికి వదిలిన కోడ్‌పాయింట్ ఒకటి కేటాయించి, పాత 256 చొప్పున కోసే పద్ధతిలోనే నడిపించడం. దేవనాగరికి కొందరు ఈ పని చేసి చూపించారు, తెలివైన పనే. నాకు మాత్రం అది చూడగానే డీటీపీ రోజులు గుర్తొచ్చాయి. యూనికోడ్ రాకముందు మన ప్రెస్సుల్లో అను ఫాంట్లలాంటివి వాడేటప్పుడు, ఒక్కో అక్షరపు ముక్కకీ ఒక్కో ఇంగ్లిష్ స్థానం కేటాయించేవాళ్లు. అచ్చులో అందంగా ఉండేది. ఫాంట్ మారిస్తే చదవడానికి వీల్లేని రాత మిగిలేది, వెతకడం కుదిరేది కాదు. ఆ రోజుల్లో కంపోజ్ చేసిన ఎన్నో పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ అలా పడి ఉన్నాయి. మ్యాప్‌లో ఊరి పేరుని నొక్కితే అది అక్షరాలుగానే చేతికి రావాలి. అందుకే మేం అటు వెళ్లలేదు.

చివరికి హార్ఫ్‌బజ్‌ని తీసుకోవాలని నేనే ప్రతిపాదించాను, ఆ నియమం రాసిన చేత్తోనే.

చర్చ తేలిగ్గా సాగలేదు. మా యూరప్ సహచరుడి అభ్యంతరం సూటిగా ఉంది: బ్రౌజర్‌లో నడిచే వెబ్‌అసెంబ్లీ రూపంలో దాని సైజు కొన్ని వందల కిలోబైట్లు, మా లైబ్రరీ మొత్తం కంటే ఎక్కువ. తక్కువ ధర ఫోన్, అరకొర సిగ్నల్ ఉన్నవాళ్లకోసమే కదా మనం తేలిగ్గా చేశాం, ఇప్పుడు వాళ్లమీదే బరువు వేస్తామా? ఈ ప్రశ్నని నేను గౌరవిస్తాను. ఆ ఫోన్లు వాడేది మా ఊళ్లవాళ్లే. కానీ లెక్క పూర్తిగా వెయ్యాలి. మ్యాప్‌ని జిల్లా ఈ చివరనుంచి ఆ చివరికి జరిపితే దిగే టైల్స్ బరువే ఈ లైబ్రరీని దాటేస్తుంది. టైల్స్ మళ్లీ మళ్లీ వస్తాయి, లైబ్రరీ ఒక్కసారి దిగి ఫోన్‌లో ఉండిపోతుంది. తెలుగు రాని మ్యాప్ ఎంత వేగంగా తెరుచుకున్నా మావయ్యకి ఏం ఉపయోగం?

అప్పుడు ఇంకొకరు మధ్యే మార్గం సూచించారు. అరబిక్, హీబ్రూల కోసం మ్యాప్‌బాక్స్, మ్యాప్‌లిబ్రేలలో విడిగా ఒక ప్లగిన్ ఉంది. కావాల్సినవాళ్లు దాన్ని చేర్చుకుంటారు. తెలుగుకీ అలాగే చేద్దాం అన్నారు. దీనికి నేను ఒప్పుకోలేదు. కావాల్సినవాళ్లు అంటే ఎవరు? ఆ వెబ్‌సైట్ కట్టేవాడికి తెలుగు రాకపోవచ్చు. మ్యాప్ చూసేవాడికి ప్లగిన్ అంటే ఏమిటో తెలియదు. ఇద్దరి మధ్యలో శ్రీకాకుళం విరిగిపోయి ఉంటుంది, ఎవరూ ఇష్యూ రాయరు. ప్లగిన్‌గా పెట్టడమంటే, ఇంగ్లిష్ మామూలు భాష, మిగతావి ప్రత్యేక కోరికలు అని కోడ్‌లో రాయడమే. ఆ మాట చర్చలో అలాగే రాశాను, అందులో కొంచెం కోపం కూడా ఉంది.

చివరికి కుదిరింది ఇది: మ్యాప్‌లో కనిపించబోయే పేర్లలో తెలుగు, కన్నడ, దేవనాగరి, ఖ్మేర్‌లాంటి లిపి కోడ్‌పాయింట్ ఒక్కటి తగిలినా హార్ఫ్‌బజ్ దానంతటదే దిగుతుంది. తగలకపోతే దిగదు. ఎవరూ ఏదీ అడగక్కర్లేదు.

హార్ఫ్‌బజ్‌ని నమ్మడానికి ఏం చూశామో కూడా చెప్పాలి, ఎందుకంటే మా పాత నియమం పోయాక ఆ స్థానంలో వచ్చినవి ఈ ప్రశ్నలే. ఇందులో ఉన్నది మేం రాసుకోగలిగిన కోడా, లేక ప్రపంచం గురించి ఏళ్లతరబడి పోగుచేసిన జ్ఞానమా? హార్ఫ్‌బజ్‌లో ఉన్నది రెండోది. దీన్ని ఇంకా ఎవరు మోస్తున్నారు? ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రాఆఫీస్. అందులో తప్పు దొరికితే మాకంటే ముందు, మాకంటే గట్టిగా పట్టుకునేవాళ్లున్నారు. చెత్త ఇన్‌పుట్‌లు పంపి దాన్ని పగలగొట్టే ప్రయత్నం ఓఎస్ఎస్-ఫజ్ అనే సర్వీసులో నిరంతరం సాగుతూ ఉంటుంది. అది తనతోపాటు ఇంకెవర్ని తీసుకొస్తుంది? తప్పనిసరి డిపెండెన్సీలు లేవు, గ్లిబ్, ఐసీయూ, ఫ్రీటైప్ అన్నీ ఐచ్ఛికమే. లైసెన్స్ ఎంఐటీ తరహాది. రేపు దారి తప్పితే ఫోర్క్ చేసుకునే హక్కు మన చేతిలో ఉంటుంది.

ఈ మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమని నాకు నేర్పింది మాత్రం ప్రోజ్ అనే లైబ్రరీ, భూమి కొలతలను ఒక పద్ధతినుంచి ఇంకో పద్ధతికి మార్చేది. అది వేరే పని మీద, ఇంతకుముందే జరిగింది, అప్పుడు పాఠం పూర్తిగా ఎక్కలేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ల నుంచి చెరువుల హద్దులు గీసి మ్యాప్‌లో వేశాను. అక్షాంశ రేఖాంశాలు సరిగ్గానే చదివాను. చెరువులన్నీ పక్క పొలాల్లో పడ్డాయి. ఆ పాత షీట్లు 1830లో జార్జ్ ఎవరెస్ట్ లెక్కగట్టిన భూమి ఆకారాన్ని, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌ని ఆధారంగా తీసుకున్నవి. ఫోన్‌లోని జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే ఆకారం. హైదరాబాద్ ప్రాంతంలో ఈ రెండిటికీ తేడా వంద మీటర్లు దాటుతుంది. వెబ్‌లో దొరికిన ఫార్ములాతో సొంతంగా సరిచేయబోయి, ఒక జిల్లాకి కుదిరింది ఇంకో జిల్లాకి కుదరక తల పట్టుకున్నాను. ప్రోజ్‌ని 1980లలో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో జెరాల్డ్ ఎవెండెన్ మొదలుపెట్టారు. దేశదేశాల కొలతల పద్ధతులు, వాటి మధ్య మార్పిడులు అన్నీ ఇప్పుడు దానితో వచ్చే ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. మన భూఫలకం ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతోంది. ఇలాంటివన్నీ నేను నా కోడ్‌లో ఎక్కడ రాస్తాను, ఎన్నాళ్లు సవరిస్తాను?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయినప్పుడు హద్దులను కోసి కలిపే జియోస్ లైబ్రరీ విషయంలోనూ అదే తెలిసింది. పాత హద్దులను మండలాలతో కోసి కొత్త జిల్లాలు తయారుచేస్తుంటే నా సొంత ఫంక్షన్ ఉమ్మడి హద్దుల దగ్గర వెంట్రుకవాసి ముక్కలు వదిలేది, పార్వతీపురం మన్యం దగ్గర ఏకంగా ఆగిపోయేది. జియోస్‌కి ఇచ్చాక ఆ పని ఒక మధ్యాహ్నంలో అయిపోయింది.

అయితే ఇలాంటి పెద్ద లైబ్రరీని తీసుకుంటే ఖర్చు లేదని చెప్పను. 2019లో ప్రోజ్ 6, మ్యాప్ ఫైళ్లు చదివే జీడాల్ 3 వచ్చాయి. అధికారిక నిర్వచనం ప్రకారం ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం అనే క్రమాన్ని గౌరవించడం మొదలుపెట్టాయి. మా స్క్రిప్ట్‌లు రివర్స్‌లో ఇచ్చేవి. మేం విడుదల నోట్స్ చదవకుండా సర్వర్‌లో వెర్షన్ మార్చాం. హైదరాబాద్ వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ల స్వాల్బార్డ్ దీవుల్లో పడింది. 17.4, 78.5 తారుమారైతే వచ్చే చోటు సరిగ్గా అదే. విశాఖపట్నం ఆర్కిటిక్ సముద్రంలో తేలింది. తప్పు మాది. వాళ్లు ఆ మార్పుని స్పష్టంగా ప్రకటించారు, పాత క్రమం కావాలంటే ఎలా అడగాలో కూడా రాశారు. లైబ్రరీని తీసుకోవడమంటే దాని మార్పుల జాబితా చదివే బాధ్యత కూడా తీసుకోవడమే. చదివే తీరిక లేనప్పుడు ఆ లైబ్రరీ మనకి ఎక్కువే.

ఈ లెక్కన మా దగ్గర జాబితా ఇంకోవైపు తగ్గింది కూడా. హార్ఫ్‌బజ్ వచ్చిన విడుదలలోనే బిల్డ్ పనిముట్లలో పేరుకుపోయిన చిన్నాచితకా ప్యాకేజీలు పదిహేడు తీసేశాం. మా పరిచయ వాక్యం ధర్మమా అని అవి "వాడే" లైబ్రరీలు కావు, "కట్టేటప్పుడు" వాడేవి కాబట్టి లెక్కలోకి రాలేదు. రంగుల పేర్లు మార్చేది ఒకటి, తేదీ అచ్చువేసేది ఒకటి, ఆబ్జెక్ట్‌ని లోతుగా కాపీ చేసేది ఒకటి. చివరిది ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉంది. హార్ఫ్‌బజ్ గురించి నాలుగు నెలలు వాదించుకున్న మేం, ఈ పదిహేడింట్లో ఒక్కదాని గురించి కూడా ఒక్క నిమిషం మాట్లాడుకోలేదు. పెద్ద పేరున్నదాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి ప్రశ్నలు వేశాం, చిన్నవి దొడ్డిదారిన వచ్చి కూర్చున్నాయి.

ఇంకొక విషయం నాకు చాలా ముఖ్యం. జీడాల్‌ని 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టారు. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ లోపలా అది ఉంటుంది. ఇన్నేళ్లుగా దాని భారంలో పెద్ద వాటా ఎవెన్ రువో అనే ఒక్క మనిషి మోశారు. 2021లో మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఎస్రీ, ప్లానెట్‌లాంటి సంస్థలు డబ్బు పెట్టే స్పాన్సర్‌షిప్ ఏర్పాటు వచ్చాకే ఆ పనికి నిలకడైన ఆధారం దొరికింది. అప్పటిదాకా మనమందరం ఉచితంగా వాడుకున్నాం. నేను కూడా. లైబ్రరీని తూచేటప్పుడు "దీన్ని నడిపేవాళ్లు అలసిపోయారా?" అని అడుగుతాం, అలసిపోయారని తెలిస్తే "రిస్క్" అని రాసుకుని పక్కకి జరుగుతాం. ఇది నాకు నచ్చదు. అలసిపోయినవాళ్లను వదిలేసి పోతే ఎక్స్‌జెడ్ లాంటివి మళ్లీ జరుగుతాయి. మా ఐదుగురి దగ్గర డబ్బు పెద్దగా లేదు. మేం చేయగలిగింది చేశాం: రెండు తెలుగు రాష్ట్రాల మండలాల పేర్లన్నీ ఒక పరీక్షగా కట్టాం. ఫాంట్ మారినా, హార్ఫ్‌బజ్ వెర్షన్ మారినా, ఎక్కడ ఏ వత్తు జరిగిందో అది చెబుతుంది. ఆ పరీక్షలో దొరికిన ఫాంట్ లోపాలను ఆ ఫాంట్లవాళ్లకు రాసి పంపుతున్నాం. ఆ జాబితాని కంటితో సరిచూసింది మావయ్య. రోజుకి రెండు మండలాల చొప్పున తన ఫోన్‌లో చూసి, తప్పున్నదాన్ని నోట్‌బుక్‌లో రాసి ఫొటో తీసి పంపేవారు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. క్రావడి ఎక్కడుండాలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు మా ప్రాజెక్ట్‌లో లేరు.

పరిచయ పేజీలో మొదటి వాక్యం మార్చాం. ఇప్పుడు అక్కడ మేం వాడే నాలుగు లైబ్రరీల పేర్లు, వాటిని ఎందుకు తీసుకున్నామో ఒక్కో వాక్యం, వాటికి సాయం చేసే చోటు ఉన్నాయి.

పని ఇంకా మిగిలే ఉంది. నదుల పేర్లు వంపుల వెంట రాసేటప్పుడు, హార్ఫ్‌బజ్ ఏ ముక్క ఏ అక్షరానికి చెందిందో చెబుతుంది కాబట్టి, అక్షరం మొత్తాన్ని ఒకటిగా తిప్పగలుగుతున్నాం. కృష్ణా అన్న పేరులో కోడ్‌పాయింట్లు ఆరు, తిప్పాల్సిన అక్షరాలు రెండు. వంపు మరీ బిగుతుగా ఉన్నచోట ష్ణా కింది వత్తు మాత్రం ఇంకా గట్టుకి తగులుతోంది. పోయిన వారం మావయ్య పంపిన ఫొటోలో, శ్రీశైలం దగ్గర, దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది.